స్కేలు కాడ నీటికాకులు

పొద్దుగాల ఆరుగంటలకు
తూము కాడి స్కేలు చూసి రాయాలె.
ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు,
లోపటికెంత, బయటికెంత.
పదకొండేండ్ల సంది ఇదే నౌకరి.
రిజిస్టరుల వానకు ఒక గడి ఉన్నది,
గాలికి సుతం ఉన్నది, ఎవ్వరు నింపరు.
పిట్టలకు లేదు.

ఉదయసముద్రం అంటరు గని
పానగల్లు చెరువే ఇది.
అసలు సముద్రం నేనెన్నడు చూడలే.
చూసినోళ్లు ఉప్పగుంటదన్నరు.
ఉప్పన్న నయం, నాలుకకు తెలుస్తది.
మర్రిగూడ దిక్కు మా ఊరి బోరు నీళ్లకు
ఏ రుచీ లేకుండె.
తాగిన ముప్పై ఏండ్లకు ఎముకలు చెప్పినయి.

నా మెడ తిరగదు.
పక్కకు చూడాలంటే
మనిషిని మొత్తం తిప్పుకోవాలె
దర్వాజ తీసినట్టు.

కట్టకు యాభై గజాల దూరంల
నీళ్లల్ల సగం మునిగి సచ్చిన తుమ్మ.
దానినిండ నీటికాకులు
తడిసిన గొంగళ్లు ఆరేసినట్టు
రెక్కలు చాపుకొని.
నీళ్లల్లనే బతుకు, ఈకలకేమో నూనె సాలదు.
మునిగినప్పుడల్లా నానుతయి,
నానినప్పుడల్లా ఎండను అడుక్కుంటయి.
ఎవరు రాసిండ్రో గని ఈ రాత
చేతులు తిరిగినోడు రాయలే.

పాముమెడది వేరే జాతి. ఒక్కతే వస్తది.
ఒళ్లంత నీళ్ల కింద,
మెడ ఒక్కటే పైన.
ముందటికి, ఎనుకకు, తన వీపు తానే గోక్కుంట,
కొంకి లెక్క, తాడు లెక్క,
ఇంక దేని లెక్కనో నాకు మాట దొరకది.
చేపను పొడిసి, పైకెగరేసి,
తలకాయ దిక్కు నుంచి మింగుతది.
గొంతుల అది దిగుడు బయటికి కనవడతది.
గది చూసుకుంట నిలవడి ఒకనాడు
ఆరుగంటల లెక్క ఏడింటికి రాసిన.
చాయ సల్లగైంది.

సైదులుకు వీటిని చూస్తే ఒళ్లు మంట.
"సొసైటీల పేరు లేదు, లైసెన్సు లేదు,
మనకన్న ముందుగాలనే దిగుతయి దొంగలు.
నువ్వేమో హాజరేస్తున్నవు, స్కేలన్నా."
నిజమే. రిజిస్టరు అట్టకు లోపటి దిక్కు
పెన్సిలుతోని రాస్తున్న:
నీటికాకులు అరవై రెండు.
బుడుబుంగలు తొమ్మిది, మునిగినయి ఎన్నో తెల్వది.
తెల్లకొంగలు బర్రెకొకటి.
నారాయణ పక్షి, నిన్నటి జాగలనే, నిన్నటి కోపంతోనే.
అంగుళాలు అప్పుడప్పుడు తప్పు రాసిన గని
ఇవి తప్పు రాయలే.

మాఘంల ఒక తెల్లారగట్ల
సైదులు కొత్త వలల పడి కొట్టుకుంటుంది ఒకటి.
వల తెచ్చి ఎనిమిది రోజులు,
సేటు పైసలు ఇంక కట్టలే.
తెప్ప మీద సైదులు కత్తి తీసిండు.
నేను కట్ట మీద
మనిషిని మొత్తం అటు తిప్పుకునే వరకు
పోగు పోగు కోసుకుంట కూసున్నడు.
తిట్టుకుంటనే. దాని తల్లిని,
సేటును, గా చైనా దారాన్ని.
ఆఖరి పోగు తెగంగనే
అది ఆయిన బొటనవేలు పీకింది.
నీళ్ల మీద కాళ్లతోని ఉరికి ఉరికి
లేచింది.
వలల ఒక మనిషి దూరేటంత తూటు.

ఎందుకు కోసినవని నేనడగలే.
తెల్లారి వేలికి గుడ్డ చుట్టుకొని
తుమ్మ దిక్కు చూసి తానే అడిగిండు:
"ఏదే అది?"
అరవై మూడు ఉన్నయి ఆనాడు.
అన్నీ నల్లగనే.
అన్నీ రెక్కలు చాపుకొనే.

ఎండలు ముదిరి, మోటార్లు బందై,
స్కేలు మీద పాత నాచు గీతలు బయటవడ్డయి.
తుమ్మకు మోకాళ్లు కనవడ్డయి.
బురదల ఉల్లంకులు సన్న కాళ్లతోని తిరుగుతున్నయి,
ఎర్ర గీతలు గీసినట్టు.
గప్పుడే కొత్త ఇంజినీరు సారొచ్చిండు.
కాయితాలు తిప్పి తిప్పి
అట్ట కాడ ఆగిండు.
"ఇదేంది?"
"నీళ్ల లెక్కనే సార్" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు.
నేను కిటికీ దిక్కు తిరిగి ఉన్న,
మళ్ల తిరగాలంటే జర సేపు పడతది.
బయట, మిగిలిన మడుగుల
పాముమెడది
ఒళ్లు కదపకుంట
ఎనుకకు చూస్తున్నది.